‘నీళ్లు పడలేదు’ అనే ముందు: పేగుకు పడే ఆకుకూర సలాడ్

బదిలీ మీద కొత్త ఊరికి వచ్చిన ప్రతి ఇంట్లో మొదటి నెలలో వినిపించే మాట ఒకటి ఉంది. అది "ఈ ఊరి నీళ్లు పడలేదు" అన్న మాట. కడుపులో నొప్పి వచ్చినా, విరేచనాలు అయినా, జుట్టు రాలినా నేరం నీళ్లదే. కొన్నాళ్లకు ఆ మాట పెరిగి "ఈ ఊరే మనకు పడలేదు" అవుతుంది. పిల్లలు దాన్ని నమ్ముతారు. నమ్మిన పిల్లలు కొత్త ఊళ్లో కొత్త కూర తినరు, కొత్త స్నేహితుల డబ్బాలో చెయ్యి పెట్టరు.

ఈ పాఠంలో ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దాం. దానికోసం ఒక సలాడ్ చేద్దాం.

ఆగస్టులో ఏం జరిగింది?

మా పాఠశాలలో ఏటా ‘నిప్పు లేకుండా వంట’ పోటీ పెడతాం. ఒక ఏడాది ఆగస్టులో ఆ పోటీ నా పర్యవేక్షణలో జరిగింది. జూలైలోనే విశాఖపట్నం నుంచి భిలాయి వచ్చి ఏడవ తరగతిలో చేరిన ఒక అమ్మాయి తన జట్టుతో కలిసి సీజర్ సలాడ్ చేసింది. ఫోన్‌లో చూసి నేర్చుకుందట. పచ్చి పాలకూర, క్యాబేజీ తరిగి గిన్నె నిండా వేశారు. పచ్చి వెల్లుల్లి దంచి మీగడలో కలిపారు. పైన కాల్చిన బ్రెడ్ ముక్కలు, తురిమిన చీజ్ చల్లారు. చూడ్డానికి ఎంతో బాగుంది. నేను పదికి తొమ్మిది మార్కులు వేశాను.

పోటీ అయ్యాక జట్టు అంతా కూర్చుని గిన్నె ఖాళీ చేశారు. మర్నాడు ఆ జట్టులో ముగ్గురు బడికి రాలేదు. ఒకరికి విరేచనాలు, ఇద్దరికి కడుపుబ్బరం, నొప్పి. రెండు రోజుల్లో అందరూ కోలుకున్నారు. తిరిగి వచ్చిన ఆ అమ్మాయి మాత్రం నాతో ఒక మాట అంది: "ఇక్కడి ఆకులు మాకు పడవు మేడమ్. మా ఇంట్లో ఇక ఆకుకూర కొనొద్దని అమ్మకు చెప్పేశాను."

అప్పుడు నా తప్పు నాకు తెలిసింది. గిన్నె అందం చూసి మార్కులు వేశాను గానీ, ఆ ఆకులు ఎక్కడివి, ఏ నీళ్లతో కడిగారు, ఎన్నిసార్లు కడిగారు అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తప్పు ఊరిది కాదని ఆ అమ్మాయికి చెప్పాలంటే ముందు కారణాలు వెతకాలి. తరగతిలో అందరం కలిసి ఆ పని మొదలుపెట్టాం.

సీజర్ ఎవరు?

ఈ సలాడ్ పేరులోని సీజర్ రోమ్‌కు చెందిన జూలియస్ సీజర్ కాదు. ఇటలీ నుంచి వలస వెళ్లిన సీజర్ కార్డినీ అనే హోటల్ యజమాని. 1924లో మెక్సికోలోని టిహువానా పట్టణంలో, హోటల్‌కు జనం ఎక్కువగా వచ్చిన రోజున, వంటగదిలో మిగిలి ఉన్న సరుకులతోనే దీన్ని చేశాడని చెబుతారు. లెట్యూస్ ఆకులు, కాల్చిన బ్రెడ్ ముక్కలు, గుడ్డు, వెల్లుల్లి, నిమ్మజాతి రసం, ఆలివ్ నూనె, పార్మెసాన్ చీజ్ దానిలో ముఖ్యమైనవి.

ఈ కథలో మనకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. కార్డినీ కూడా ఊరు మారినవాడే. చేతికి అందిన వాటితో వంట చేశాడు. కాబట్టి భిలాయిలో దొరికే వాటితో మనం సలాడ్ చేస్తే అది నకలు కాదు. ఆయన చేసిన పనే మనమూ చేస్తున్నట్టు.

పేగులో జరిగే పని

మనం తిన్న ఆకులోని పీచును మన జీర్ణరసాలు అరిగించలేవు. అది చిన్నపేగు దాటి పెద్దపేగు చేరుతుంది. అక్కడ కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. అవి పీచును పులియబెట్టి, పెద్దపేగు గోడలోని కణాలకు ఆహారమయ్యే ఆమ్లాలను తయారు చేస్తాయి. వాటిలో బ్యుటిరేట్ ముఖ్యమైనది. ఈ పనిలో వాయువు కూడా పుడుతుంది.

పీచు తినడం అలవాటు లేనివారు ఒక్కసారిగా గిన్నెడు పచ్చి ఆకు తింటే వాయువు ఎక్కువై కడుపు ఉబ్బుతుంది. రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే పేగు సర్దుకుంటుంది. కొత్త బడిలో చేరిన మొదటి రోజే మీరు అందరితో కలిసిపోలేరు కదా! పేగుకూ కొన్ని రోజులు కావాలి.

విరేచనాల సంగతి వేరు. వాటికి ఎక్కువగా కారణం మురికి నీటితో, మురికి చేతులతో ఆహారంలో చేరే క్రిములు. ఆకులు నేలకు దగ్గరగా పెరుగుతాయి. మట్టి, ఎరువు, మురికి నీరు వాటికి తేలికగా అంటుతాయి. వానాకాలంలో ఇది మరీ ఎక్కువ.

ఇక్కడే మనలాంటి కుటుంబాల విషయంలో ఒక చిక్కు ఉంది. మన బదిలీలు ఎక్కువగా వేసవిలో, బడులు తెరిచే ముందు వస్తాయి. సామాను సర్దుకునేసరికి జూలై, ఆగస్టు వచ్చేస్తాయి. అంటే కొత్త ఊరితో మన తొలి పరిచయం వానాకాలంలో అవుతుంది. ఏ ఊళ్లోనైనా కడుపులు ఎక్కువగా చెడే కాలం అదే. పాత ఊళ్లో ఉన్నా ఆ నెలల్లో కడుపు చెడవచ్చు. కానీ మనం కొత్త ఊళ్లో ఉన్నాం కాబట్టి నేరం ఊరి మీద పడుతుంది.

మేం కనిపెట్టిన నాలుగు తప్పులు

తరగతిలో చర్చించి నల్లబల్ల మీద ఇవి రాశాం.

ఒకటి: ఆకులను ఒక్కసారే, అదీ కట్ట విప్పకుండా కడిగారు. వానాకాలంలో పచ్చి ఆకు వాడారు.

రెండు: పచ్చి వెల్లుల్లి ఎక్కువ వేశారు. వెల్లుల్లిలోనూ, ఉల్లిలోనూ, గోధుమలోనూ ఫ్రక్టాన్ అనే పదార్థం ఉంది. అది పేగులోని సూక్ష్మజీవులకు మంచి ఆహారమే. కాని కొందరి కడుపులో అది ఎక్కువ వాయువు పుట్టిస్తుంది. వెల్లుల్లి, గోధుమ బ్రెడ్ రెండూ ఒకే గిన్నెలో పడ్డాయి.

మూడు: మీగడ, చీజ్ ఎక్కువయ్యాయి. కొవ్వు ఎక్కువైతే ఆహారం జీర్ణాశయంలోంచి నెమ్మదిగా కదులుతుంది. కడుపు బరువుగా ఉంటుంది.

నాలుగు: అలవాటు లేని పచ్చి క్యాబేజీ, పాలకూర ఒక్కొక్కరు పెద్ద గిన్నెడు తిన్నారు.

ఈ నాలుగింటిలో "భిలాయి" అన్న మాట ఎక్కడా లేదని చివరి బల్లలోని ఒక అబ్బాయి గట్టిగా చెప్పాడు. ఆ అమ్మాయి నవ్వింది.

బజారులో ఆకుల పేర్లు

నవంబరులో ఒక ఆదివారం కొందరు పిల్లలు, వారి అమ్మానాన్నలు, నేను కలిసి సుపేలా ఆదివారం బజారుకు వెళ్లాం. ఛత్తీస్‌గఢ్‌లో ఆకుకూరను ‘భాజీ’ అంటారు. 36 గఢాల రాష్ట్రానికి 36 భాజీలు అని ఇక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు. ఒక చోట ఎర్ర కాడల ఆకు కట్టలు చూసి ఆ అమ్మాయి ఆగిపోయింది. అమ్ముతున్న ఆమె "అమారీ" అంది. ఆకు తుంచి నోట్లో వేసుకోగానే ఆ అమ్మాయి, "మేడమ్, ఇది గోంగూర! మా అమ్మమ్మ పెరట్లో ఇదే ఉంటుంది!" అని అరిచింది.

ఆ రోజు మేం రాసుకున్న పేర్లు, తరవాత అడిగి తెలుసుకున్న పేర్లు ఇవి:

లాల్ భాజీ – ఎర్ర తోటకూర
అమారీ – గోంగూర
పోయి – బచ్చలి
మునగా – మునగాకు
కర్మత్తా – తూటికూర
చరోటా – తగిరిస
కోచై – చేమ
బోహార్ – నక్కెర చెట్టు మొగ్గలు (వేసవిలో వస్తాయి)

అంటే "ఇక్కడి ఆకులు" అని మనం అనుకున్నవాటిలో చాలావరకు మన ఆకులే. పేర్లు మాత్రమే వేరు.

ఇంకో సంగతి గమనించాం. ఇక్కడివారు కొన్ని భాజీలను మజ్జిగతో, పెరుగుతో వండుతారు. బోహార్ భాజీ అలా చేస్తారు. చేమ ఆకులో మినప్పిండి పెట్టి చుట్టి, ఉడికించి, పెరుగు పులుసులో వేసే కూరను ‘ఇడహర్’ అంటారు. మన ఇళ్లలో పెరుగు పచ్చడి, మజ్జిగ పులుసు లేవా? ఇక్కడివారు రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచి మర్నాడు తినే ‘బోరే బాసీ’ మన చద్దన్నానికి అక్కాచెల్లెళ్ల వరస. 2022 నుంచి మే 1న, కార్మిక దినోత్సవం రోజున, దాని పేరుతో ఉత్సవం కూడా జరిపారు. ఉక్కు కార్మికుల ఊరికి తగిన తిండి అది.

ఆకు, పెరుగు ఎందుకు కలుస్తాయి?

పాలకూర, తోటకూర, చేమ వంటి ఆకుల్లో ఆక్సలేట్ ఉంటుంది. ఆకుకూరను పెరుగుతో కలిపి తింటే పెరుగులోని కాల్షియం పేగులో ఆక్సలేట్‌ను పట్టుకుంటుంది. అప్పుడు రక్తంలోకి వెళ్లే ఆక్సలేట్ తగ్గుతుంది. తోడుపెట్టిన పెరుగులో బతికి ఉన్న లాక్టిక్ ఆమ్ల సూక్ష్మజీవులు ఉంటాయి. అవి పాలలోని లాక్టోజ్ చక్కెరను కొంత ముందే అరిగిస్తాయి. అందుకే పాలు తాగితే కడుపు ఉబ్బేవారిలో చాలామంది పెరుగు తినగలరు.

ఆకులకు, తెలుగువారికి ఇంకో బంధం కూడా ఉంది. ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌కు ఆ పేరు ‘ఆకు’ అని అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి వచ్చింది. 1941లో శాస్త్రవేత్తలు దాన్ని పాలకూర జాతి ఆకుల నుంచి వేరు చేశారు. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన అమెరికా బృందానికి నాయకుడు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

మన సలాడ్: నలుగురికి

కావలసినవి:
లేత పాలకూర, లేత ఎర్ర తోటకూర – రెండూ కలిపి 200 గ్రాములు
కీరదోసకాయ – 1
క్యారెట్ – చిన్నది 1
తాజా పెరుగు – 1 కప్పు
వేయించిన వేరుశనగ గింజలు – 2 చెంచాలు
మరమరాలు – 2 గుప్పెళ్లు
నూనె – 2 చిన్న చెంచాలు
వెల్లుల్లి – 2 రెబ్బలు
ఇంగువ – చిటికెడు
మిరియాల పొడి, ఆవపొడి – పావు చెంచా చొప్పున
నిమ్మరసం – 1 చెంచా
ఉప్పు – తగినంత

చేసే విధానం (పొయ్యి దగ్గర పెద్దలు తప్పకుండా ఉండాలి):

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. కట్ట విప్పి, వేర్లు, ముదురు కాడలు, పాడైన ఆకులు తీసేయండి. వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి ఆకులు ముంచి కదపండి. మట్టి అడుగుకు చేరుతుంది. ఆకులను పైకి తీసి, ఆ నీళ్లు పారబోయండి. నీళ్లు తేటగా వచ్చేదాకా మూడు నాలుగుసార్లు ఇలా చేయండి.

2. నీళ్లు మరిగించి ఆకులను ఒక నిమిషం ముంచి తీయండి. వెంటనే కాచి చల్లార్చిన నీళ్లలో వేయండి. తరవాత నీళ్లు పిండి, పెద్ద ముక్కలుగా తరగండి.

3. పెరుగును శుభ్రమైన పల్చని గుడ్డలో కట్టి ఒక గంట వేలాడదీయండి. గట్టి పెరుగు మిగులుతుంది. దాన్ని మిరియాల పొడి, ఆవపొడి, ఉప్పు, నిమ్మరసంతో బాగా గిలక్కొట్టండి.

4. నూనె వేడి చేసి వెల్లుల్లి రెబ్బలను సగానికి కోసి వేయండి. లేత బంగారు రంగు వచ్చాక రెబ్బలను తీసేయండి. పొయ్యి ఆపి ఇంగువ వేయండి. నూనె పూర్తిగా చల్లారాకే పెరుగులో కలపండి.

5. కీర, క్యారెట్ కడిగి చెక్కు తీయండి. కీర పల్చగా కోసి, క్యారెట్ తురమండి. ఆకులతో కలిపి, పైన పెరుగు పోయండి.

6. తినే ముందు మాత్రమే కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగ, పొడి మూకుట్లో వేయించిన మరమరాలు చల్లండి. ముందే చల్లితే మెత్తబడతాయి.

ఏది దేనికి బదులు?

బ్రెడ్ ముక్కలు కరకరలాడటానికి వేస్తారు. ఆ పని మరమరాలు చేస్తాయి. బియ్యంలో ఫ్రక్టాన్ లేదు. చీజ్ ఇచ్చే కమ్మదనం వేరుశనగ ఇస్తుంది. పచ్చి గుడ్డుతో క్రిములు రావచ్చు. దాని చిక్కదనం గట్టి పెరుగులో దొరుకుతుంది.

వెల్లుల్లి విషయం వినండి. ఫ్రక్టాన్ నీటిలో కరుగుతుంది, నూనెలో కరగదు. నూనెలో వేయించి రెబ్బలను తీసేస్తే వాసన నూనెలో ఉంటుంది, ఫ్రక్టాన్ రెబ్బతో పాటే వెళ్లిపోతుంది. నూనెను ఎందుకు చల్లార్చాలి? వేడి నూనె తగిలితే పెరుగులోని సూక్ష్మజీవులు చనిపోతాయి.

ఎర్ర తోటకూరను ముంచిన నీళ్లు ఎర్రగా మారడం చూశారా? ఆ రంగు పదార్థం నీటిలో కరిగేది. ఆక్సలేట్‌లో కొంత భాగం కూడా అలాగే నీటిలోకి వెళ్తుంది. అయితే ఫోలిక్ ఆమ్లం, విటమిన్ సి కూడా కొంత పోతాయి. అందుకే ఒక్క నిమిషం చాలు. పోయిన దానిలో కొంత నిమ్మరసం పూడుస్తుంది. మంచి పెరిగి నష్టం తగ్గేలా కొలత పాటించడమే వంటలోని శాస్త్రం.

మళ్లీ చేశాం

డిసెంబరులో అదే జట్టు ఈ సలాడ్ చేసింది. ఈసారి పెద్ద గిన్నె లేదు. మొదటి రోజు ఒక్కొక్కరికి రెండు చెంచాలు. రెండు రోజుల తరవాత నాలుగు చెంచాలు. మూడోసారి చిన్న కప్పు. ఎవరికీ కడుపు నొప్పి రాలేదు. ఆ అమ్మాయి తన వాటాతో పాటు పక్కవాడి వాటాలోనూ కొంత తినేసింది.

"అయితే పచ్చి వెల్లుల్లి వల్లే అప్పుడు నొప్పి వచ్చిందని రుజువైంది కదా మేడమ్?" అని ఒకరు అడిగారు. కాలేదు. మేం కడగడం మార్చాం, వెల్లుల్లి మార్చాం, కొవ్వు తగ్గించాం, కొలత తగ్గించాం. కాలం కూడా మారింది: వానలు పోయి చలి వచ్చింది. ఇన్ని ఒకేసారి మారితే ఏది కారణమో తేల్చలేం. మాకు తెలిసింది ఇంతే: అదే ఊరు, అదే బజారు, అవే జాతి ఆకులు. అయినా కడుపు బాగుంది. కాబట్టి "ఊరు పడలేదు" అన్న మాట నిలవలేదు.

జాగ్రత్తలు

వానాకాలంలో పచ్చి ఆకులు వద్దు. వండుకొని తినండి.
చేమ ఆకు ఎప్పుడూ పచ్చిగా తినకండి. దానిలోని సూదుల్లాంటి స్ఫటికాలు నోరు, గొంతు దురద పెడతాయి. ఏ ఊళ్లోనైనా అక్కడివారు పచ్చిగా తినని ఆకును మీరూ పచ్చిగా తినకండి.
వేరుశనగ గానీ పాలు గానీ పడనివారు వాటిని వదిలేయండి. మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవారు వైద్యుణ్ణి అడిగాకే ఈ ఆకులు తినాలి.
డబ్బాలో తెచ్చుకుంటే పెరుగు, ఆకులు, మరమరాలు వేరువేరుగా తెచ్చుకోండి. కలిపాక వెంటనే తినేయండి. మిగిలింది దాచకండి.
విరేచనాలు అయితే ఓఆర్‌ఎస్ తాగండి. ప్యాకెట్ మీద రాసినంత నీటిలోనే కలపండి. జ్వరం, మలంలో రక్తం, ఆగని వాంతులు ఉంటే ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరకు వెళ్లండి. అప్పుడు సలాడ్ మందు కాదు.

మీరే చేయండి

1. మీ ఊరి బజారులో దొరికే ఐదు ఆకుకూరల పేర్లు స్థానిక భాషలో, తెలుగులో రాయండి. అమ్మేవారిని ఎలా వండుతారో అడగండి.
2. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు ప్రచురించింది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన ఈ సంస్థ కూడా మనలాగే బదిలీ అయినదే! గ్రంథాలయంలో ఆ పట్టికలు చూసి, మీరు రాసిన ఆకుల్లో ఇనుము, కాల్షియం ఎంతో పోల్చండి.
3. రెండు వారాల పాటు తిన్న ఆకుకూర, దాని కొలత, మర్నాడు కడుపు ఎలా ఉందో చిన్న పుస్తకంలో రాయండి. ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేయండి.

ఆ అమ్మాయి రెండేళ్ల తరవాత మళ్లీ వేరే ఊరు వెళ్లింది. వెళ్లే ముందు తన పుస్తకం నాకు చూపించింది. మొదటి పేజీలో భిలాయి ఆకుల పట్టిక ఉంది. రెండో పేజీలో గీతలు గీసి, పైన కొత్త ఊరి పేరు రాసి, కింద ఖాళీగా ఉంచింది. "అక్కడికి వెళ్లగానే ముందు బజారుకు వెళ్తాను మేడమ్" అంది.

మీరూ ఆ పేజీ సిద్ధం చేసుకోండి.